మందులతో లేని మాటలు వినపడటం తగ్గింది, కానీ మనిషి మంచం దిగడం లేదు. ఇది బద్ధకమా, జబ్బా, మందుల మత్తా?

ప్రశ్న అడిగినది ఒక అక్క. తమ్ముడికి 26 ఏళ్లు. మూడేళ్ల కిందట స్కిజోఫ్రీనియా అని చెప్పారు. ఎవరో తిడుతున్నట్టు వినపడటం, పక్కింటివాళ్లు అన్నంలో ఏదో కలుపుతున్నారన్న అనుమానం మందులతో తగ్గాయి. ఇప్పుడు రోజంతా మంచం మీదే ఉంటాడు. స్నానం వారానికొకసారి, అదీ ఇంట్లో అరిస్తేనే. ఏం అడిగినా 'ఊ', 'ఏమో'. నాన్న సోమరితనం అంటున్నారు. అమ్మ మందులే పిల్లాణ్ణి మొద్దుబార్చాయి, కొన్నాళ్లు ఆపి చూద్దాం అంటోంది. ఎవరి మాట నిజం?

మీ నాన్నగారి మాట తప్పు. మీ అమ్మగారి మాటలో సగం నిజం ఉండొచ్చు, కానీ ఆవిడ చెప్పిన వైద్యం ప్రమాదకరం. మందులు మీ అంతట మీరు ఆపకండి. డాక్టరు దగ్గరికి వెళ్లి ఈ పడుకోవడం గురించే ప్రత్యేకంగా మాట్లాడండి. 'వినపడటం తగ్గిందా' అని వాళ్లు అడుగుతారు, 'తగ్గిందండీ' అని మీరు వచ్చేస్తారు. మూడేళ్లుగా మీ విషయంలో జరిగింది బహుశా ఇదే. పడుకునే ఉంటున్నాడన్నది కూడా ఒక లక్షణమేనని, దాన్ని చెప్పుకోవాలని చాలామందికి తట్టదు.

నేను సైకియాట్రిస్టుని. గోదావరి జిల్లాల్లో 19 ఏళ్లుగా ఓపీ చూస్తున్నాను. కింద చెప్పిన మనుషుల వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను.

ముందు పేరు సంగతి. మీరు రాసినవాటిని నెగెటివ్ లక్షణాలు అంటారు. చెడ్డవని కాదు. లేనివి వినపడటం, లేని కుట్రలు కనపడటం మనిషికి అదనంగా వచ్చి చేరేవి కాబట్టి వాటిని పాజిటివ్ అన్నారు. మనిషిలో ఉండాల్సినవి తగ్గిపోతే నెగెటివ్. ఇవి ఐదు రకాలు. ఏ పనీ మొదలుపెట్టాలనిపించకపోవడం, సంతోషం తెలియకపోవడం, మనుషులతో కలవాలనిపించకపోవడం, మాట తగ్గిపోవడం, మొహంలోనూ గొంతులోనూ భావం పలకకపోవడం. జబ్బు బయటపడకముందే ఇవి మొదలయ్యే వాళ్లు చాలామంది. బాగా గుర్తు చేసుకుంటే, వినపడటం మొదలవ్వడానికి ఏడాది రెండేళ్ల ముందే మీ తమ్ముడు స్నేహితులకు దూరమయ్యాడేమో, మార్కులు పడిపోయాయేమో చూడండి. అలా ఉంటే అది అతను మందులు మొదలుపెట్టకముందు నుంచీ ఉన్న సంగతి. అసలు ఈ మందులే పుట్టకముందు కూడా ఈ లక్షణాలు ఉన్నాయి. ఈ జబ్బుకు మొదటి మందు క్లోర్‌ప్రోమజైన్ వాడకంలోకి వచ్చింది 1952లో. స్కిజోఫ్రీనియా అన్న పేరు పెట్టిన స్విట్జర్లాండ్ డాక్టరు బ్లాయిలర్ 1911లో రాసిన పుస్తకంలోనే ఈ ముభావం, ఈ నిరాసక్తత ఉన్నాయి. కాబట్టి ఇదంతా మందుల వల్లే అనడానికి లేదు.

కానీ మందుల వల్ల కూడా అచ్చం ఇలాగే ఉండొచ్చు. చిక్కంతా అక్కడే. బయటికి ఒకేలా కనపడే ఈ స్తబ్దతకు లోపల కారణాలు నాలుగైదు ఉంటాయి. వాటిలో కొన్నిటికి మంచి వైద్యం ఉంది. అన్నీ వెతకకుండా 'ఇది జబ్బు స్వభావం, ఇంతే' అనేయడం డాక్టర్లు చేసే తప్పు. ఆ తప్పు నేనూ చేశాను.

నా ప్రాక్టీసు కొత్తలో ఒకాయన వచ్చేవాడు, లారీ క్లీనరు. నెల ఇంజెక్షన్ మీద ఉన్నాడు. మాట తగ్గిపోయింది, మొహం చెక్కబొమ్మలా అయింది. జబ్బు ముదిరిందనుకుని డోసు పెంచాను. రెండు నెలలకి ఇంకా బిగుసుకుపోయాడు. వాళ్లావిడ ఒక రోజు దిండు గలీబు తెచ్చి బల్ల మీద పెట్టింది. 'చూడండమ్మా, రోజూ ఇలా తడిసిపోతోంది, నోట్లోంచి కారిపోతోంది' అంది. అప్పుడు ఆయన్ని లేచి వరండాలో నడవమన్నాను. చేతులు ఊగడం లేదు. అడుగులు చిన్నవి. వెనక్కి తిరగాలంటే ఒంటినంతా ఒక దుంగలా తిప్పుతున్నాడు. అది జబ్బు ముదరడం కాదు, నా ఇంజెక్షన్ చేసిన పని. డోసు తగ్గించి, తర్వాత మందు మార్చాను. మూడో నెల వచ్చినప్పుడు, వాళ్లావిడ ఏదో అంటుంటే, ఆయన పక్కకు తిరిగి నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు సిగ్గేసింది. అప్పటి నుంచి ప్రతి పేషెంటునీ ఒకసారి నడిపించి చూడకుండా పంపను.

మీరూ ఇంట్లో ఇది చూడొచ్చు. నడిచేటప్పుడు చేతులు ఊగుతున్నాయా? నోట్లోంచి చొంగ కారుతోందా? చేతులు వణుకుతున్నాయా? అక్షరాలు రాసేకొద్దీ చిన్నవైపోతున్నాయా? వీటిలో ఏది ఉన్నా డాక్టరుకు చెప్పండి. ఇది కాక మత్తు వేరే. రాత్రి మాత్ర వేసుకుని మర్నాడు పదకొండింటికి గానీ తెలివిరాకపోతే డోసో, వేసుకునే వేళో మార్చాల్సి ఉంటుంది. బిగుసుకుపోకుండా ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర ఏళ్ల తరబడి అలాగే నడుస్తుంటే దాని గురించీ అడగండి. నోరు ఎండిపోవడం, మతిమరుపు దానివల్ల కూడా వస్తాయి. ఎందుకు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తుండదు, చీటీ మీద మాత్రం కదలకుండా ఉంటుంది.

రెండో కారణం, జబ్బు పైకి తగ్గినట్టు కనపడుతూ లోపల ఇంకా ఉండటం. డిగ్రీ చదివే ఒకబ్బాయి ఎనిమిది నెలలు నాతో మాట్లాడలేదు. వాళ్ల నాన్న 'నోరు పడిపోయిందండీ' అనేవారు. ఒకరోజు కాగితం ఇచ్చి నీకు మాట్లాడాలని లేదా, మాట్లాడొద్దని ఎవరైనా చెప్పారా అని రాశాను. రెండోదాని కింద గీత గీశాడు. నోరు తెరిస్తే అమ్మ చచ్చిపోతుందని ఎవరో చెవిలో చెబుతున్నారట. ఎనిమిది నెలలుగా అమ్మను కాపాడుతున్నాడన్నమాట. మందు సరిపోక వచ్చిన మౌనం అది. అతనికి చివరికి క్లోజపైన్ పని చేసింది. దానికి రక్తపరీక్షలు క్రమం తప్పకుండా చేయించుకోవాలి, మొదటి 18 వారాలు వారం వారం. ఇబ్బందే, కానీ రెండు మందులు సరైన డోసులో, సరిపడా కాలం వాడినా లొంగని జబ్బుకు అంతకంటే మంచి మందు మన దగ్గర లేదు.

మూడోది డిప్రెషన్. తేడా పట్టుకోవడానికి నేను అడిగే ప్రశ్న ఒకటే: 'బాధగా ఉందా, ఏమీ అనిపించడం లేదా?' డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకు బాధ ఉంటుంది, కన్నీళ్లు ఉంటాయి, నేనెందుకూ పనికిరానన్న మాట వస్తుంది, తెల్లవారుజామున మెలకువ వచ్చేస్తుంది. నెగెటివ్ లక్షణాలున్నవాళ్లు ఖాళీగా ఉందంటారు, లేదంటే ఏమీ అనరు. చచ్చిపోవాలన్న మాట ఏ రూపంలో వచ్చినా వాయిదా వేయొద్దు. రాత్రివేళ ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ టెలీమానస్ లైను 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు.

థైరాయిడ్, రక్తం తక్కువవడం, బీ12 లోపం, గంజాయి, మద్యం అలవాటు కూడా చూసుకోవాలి. ఒక చిన్న రక్తపరీక్షతో తేలేవి ముందే తేల్చుకుంటే మంచిది.

ఇవన్నీ వెతికాక కూడా మిగిలే స్తబ్దతే జబ్బు సొంతది. దానికి మందుల బలం తక్కువని ఒప్పుకోవాలి. వినపడటాన్ని తగ్గించే మందులు దీని మీద అంతగా పనిచేయవు. అమిసల్‌ప్రైడ్ తక్కువ డోసులో కొందరికి ఉపయోగపడుతుంది. కారిప్రజీన్ అని ఇంకొకటి ఉంది. ప్రధానంగా ఈ లక్షణాలే ఉన్న 460 మంది దాకా పేషెంట్ల మీద 26 వారాలు పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. రిస్పెరిడోన్ కంటే మెరుగ్గా ఉంది. ఆ పరీక్షకు డబ్బు పెట్టింది కంపెనీయే, తేడా కూడా మరీ పెద్దదేం కాదు. నా పేషెంట్లలో కొందరికి పనికొచ్చింది, కొందరికి కాళ్లు నిలవనీయని అసహనం వచ్చి మానేశాం. మీ డాక్టరుతో మాట్లాడండి. కానీ మాత్ర మారిస్తే మనిషి మారిపోతాడన్న ఆశతో మాత్రం మాట్లాడకండి.

మరి ఆపేస్తే? 2012లో చాలా పరిశోధనలు కలిపి లెక్క కట్టారు. మందులు కొనసాగించినవారిలో ఏడాదిలోపు 100కి 27 మందికి జబ్బు తిరగబెట్టింది. ఆపినవారిలో 64 మందికి. తిరగబెట్టిన ప్రతిసారీ మనిషి మునుపటి మెట్టుకు రావడం కష్టమవుతుంది. మీ అమ్మగారికి ఈ రెండు అంకెలు చెప్పండి. డోసు తగ్గించమని అడగడం వేరు, మాత్రలు డబ్బాలో వదిలేయడం వేరు.

ఇక ఇంట్లో ఏం చేయాలి. నా ఓపీలో ఎక్కువ సమయం పోయేది దీని మీదే.

ఈ జబ్బులో సంతోషం గురించి తెలిసిన ఒక విషయం ఇంటివాళ్లకు చాలా పనికొస్తుంది. పైన సంతోషం తెలియకపోవడం అన్నాను గానీ, ఇష్టమైనది తింటున్నప్పుడో, చూస్తున్నప్పుడో వీళ్లలో చాలామందికి సంతోషం కలుగుతుంది. అది కలుగుతుందని ముందుగా ఊహించుకోవడం దగ్గరే దెబ్బతింటుంది. మనకు బిర్యానీ అనగానే నోరూరుతుంది, అందుకే లేచి చెప్పులేసుకుంటాం. వాళ్లకు ఆ ఊరడం ఉండదు. తీసుకెళ్లి కూర్చోబెడితే ఇష్టంగానే తింటారు. దానికితోడు, 'ఎలాగూ నా వల్ల కాదు' అన్న నమ్మకం లోపల గట్టిగా కూర్చుని ఉంటుంది.

అందుకే 'సినిమాకి వస్తావా?' అని అడగొద్దు. రాను అనే అంటాడు. ఆ 'రాను' నిర్ణయం కూడా కాదు, ఊహ రాకపోవడం. మీరు చెప్పులేసుకుని, అతని చెప్పులు గుమ్మం దగ్గర పెట్టి, 'పద, పాలు తెచ్చుకుందాం' అనండి. పదిసార్లలో ఆరుసార్లు లేస్తాడు. లేవని నాలుగుసార్లు ఏమీ అనకుండా మీరే వెళ్లి రండి. చెయ్యి పట్టి లాగొద్దు.

స్నానం కూడా అంతే. 'కంపు కొడుతున్నావు, వెళ్లి స్నానం చెయ్యి' అంటే అందులో ఏడెనిమిది పనులున్నాయి: లేవాలి, తువ్వాలు వెతకాలి, బట్టలు తీసుకోవాలి, నీళ్లు కాచుకోవాలి... మొదటిదాని దగ్గరే ఆగిపోతాడు. వేణ్ణీళ్లు తోడి, తువ్వాలు, బట్టలు తలుపు మీద వేసి, 'నీళ్లు చల్లారిపోతాయిరా' అంటే ఒక్క పనే మిగులుతుంది. రోజూ ఒకే వేళకు చేయండి.

మాట దగ్గర ఓపిక కావాలి. 'ఏం ఆలోచిస్తున్నావు?' 'ఎందుకిలా ఉన్నావు?' లాంటివాటికి జవాబు రాదు. 'ఇడ్లీయా, ఉప్మావా?' అంటే వస్తుంది. అడిగాక మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. మనం మూడు దాకా కూడా ఆగం. అతని బదులు మనమే 'ఇడ్లీలే' అనేస్తాం. ఓపీలోనూ అంతే, నేను పేషెంటును అడిగితే జవాబు తల్లి నోట్లోంచి వస్తుంది. ఆవిణ్ణి కాసేపు బయట కూర్చోమనడం నా వైద్యంలో భాగం.

పని సంగతికి వస్తే, కడియపులంక వైపు ఒక నర్సరీ కుటుంబం గురించి చెప్పాలి. కొడుకు 24 ఏళ్లవాడు. తండ్రి మొదటిసారి వచ్చినప్పుడు అన్నమాట: 'ఎప్పుడు చూసినా తొంగునే ఉంటాడండీ, తిండికి మాత్రం లేస్తాడు.' రోజుకు గంట చొప్పున కవర్లలో మట్టి నింపే పని ఇవ్వమన్నాను. రెండు షరతులు పెట్టాను. తండ్రి పక్కనే కూర్చుని తనూ నింపాలి. ఎన్ని నింపావని అడగకూడదు. మొదటి వారం రోజుకు ఆరు కవర్లు. కూలివాళ్లు గంటకు ఎన్ని నింపుతారో తెలిసిన మనిషికి అది చూస్తూ ఊరుకోవడం ఎంత కష్టమో ఆయన మొహంలో కనపడేది. ఊరుకున్నారు. నెల తిరిగేసరికి నలభై. నాలుగో నెలలో ఒక సాయంత్రం ఆ అబ్బాయి ఎవరూ అడక్కుండా, 'ఆ కనకాంబరాలకు నీళ్లెక్కువైపోతున్నాయి, వేర్లు కుళ్లుతాయి' అన్నాడట. తండ్రి రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోన్ చేశారు, కనకాంబరాల గురించి చెప్పడానికి. ఆయన గొంతు మామూలుగా లేదు.

ఆ అబ్బాయి ఇప్పటికీ పెద్దగా నవ్వడు. పెళ్లిళ్లకు వెళ్లడు. పూటలో రెండు గంటలకు మించి పని చేయలేడు. పూర్తిగా బాగయ్యాడని చెప్పను. కానీ మొక్కలకు నీళ్లు అతనే పెడతాడు, అతను పెట్టకపోతే అవి ఎండిపోతాయి. పని చిన్నదైనా ఫర్వాలేదు, ఎవరికో ఒకరికి నిజంగా అవసరమై ఉండాలి. ఊరికే కాలక్షేపానికి ఇచ్చిన పనిని వాళ్లు ఇట్టే పసిగడతారు.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. ఇంగ్లండ్‌లో వింగ్, బ్రౌన్ అనే ఇద్దరు మూడు మానసిక ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి ఉండిపోయిన స్త్రీలను 1960 నుంచి ఎనిమిదేళ్లు గమనించారు. మెరుగైనవాళ్లలో అన్నిటికంటే ముఖ్యంగా కనపడిన మార్పు, ఊరికే కూర్చుని గడిపే గంటలు తగ్గడం. మన ఇళ్లలో ఆసుపత్రి గోడలు ఉండవు గానీ, వెనక గదిలో తలుపు దగ్గరికేసి, కంచం లోపలికి పంపించి, చుట్టాలొస్తే కనపడనివ్వకపోవడం అదే పని చేస్తుంది. మన దేశంలోనూ గోవా, సతారా, తమిళనాడుల్లో స్థానిక కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపి చేసిన పరిశోధన 2014లో వచ్చింది. ఆసుపత్రి వైద్యం ఒక్కటే అందినవారి కంటే దానితోపాటు ఇంటికొచ్చి తోడు నిలిచే మనిషి కూడా ఉన్నవారు కొంత మెరుగయ్యారు. కొంతే. ఈ జబ్బులో కొంత అన్నది చిన్నమాట కాదు.

మీ నాన్నగారి గురించి. ఆయన్ని తప్పు పట్టకండి. లేని మాటలు వినపడుతుంటే జబ్బని ఎవరికైనా అర్థమవుతుంది, పడుకుని ఉంటే అర్థం కాదు. ఇంటివాళ్ల తిట్లు, విసుగులు ఎక్కువగా పడేది ఈ లక్షణాల మీదే. ఆ తిట్లు ఎక్కువైన ఇళ్లలో జబ్బు త్వరగా తిరగబెడుతుందని కూడా తేలింది. ఆయనకు నేను చెప్పే మాట ఇది: సోమరికి పని తప్పించుకుంటే హాయిగా ఉంటుంది, ఇష్టమైన పనికి లేస్తాడు. మీవాడు ఒకప్పుడు ప్రాణం పెట్టిన క్రికెట్‌కైనా లేస్తున్నాడా? చాలామంది తండ్రులు ఈ ప్రశ్న దగ్గర ఆగిపోతారు.

మీరు అడగలేదు గానీ, ఇంట్లో ఎవరో ఒకరు ఇప్పటికే అనే ఉంటారు: పెళ్లి చేస్తే అదే కుదురుతుందని. కుదరదు. పెళ్లి చేసుకునే హక్కు అతనికి ఉంది, చేసుకుని బాగున్నవాళ్లూ ఉన్నారు. కానీ వైద్యంలా పెళ్లి చేయడం, అదీ జబ్బు దాచి చేయడం, ఇద్దరి బతుకులతో ఆడుకోవడం. దాని తర్వాతి కథలు నా ఓపీలో వారానికొకటి చూస్తాను.

గుడికి, దర్గాకి తీసుకెళ్తే నాకేం అభ్యంతరం లేదు. నిజానికి ఇల్లు కదిలి బస్సెక్కడం మంచిదే. మాత్రలు సంచిలో పెట్టుకెళ్లండి.

డబ్బు ఇబ్బందిగా ఉంటే మొహమాటపడొద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా ఉంది. సదరం క్యాంపులో వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి అని తేలితే ప్రభుత్వ సాయానికి పనికొచ్చే సర్టిఫికెట్ ఇస్తారు. అక్కడ అడిగేది కూడా చాలావరకు ఈ లక్షణాల గురించే: తన పనులు తను చేసుకుంటాడా, మనుషులతో కలుస్తాడా, మాట్లాడి అర్థం చేయగలడా, ఉద్యోగం చేయగలడా. మూడేళ్ల చీటీలన్నీ వరసగా పెట్టుకుని వెళ్లండి. క్యాంపు రోజున 'మావాడు బాగానే ఉన్నాడండీ' అని పరువు కోసం చెప్పేసి వెనక్కి వచ్చినవాళ్లున్నారు.

తరువాతి అపాయింట్‌మెంట్‌కు ముందు రెండు వారాలు ఒక నోటుబుక్కులో రాయండి. ఎన్నింటికి లేచాడు, మాత్ర ఎన్నింటికి వేసుకున్నాడు, తనంతట తాను ఎన్నిసార్లు మాట్లాడాడు, ఏ పనికి లేచాడు. నడిచేటప్పుడు చేతులు కనపడేలా ఫోన్‌లో అర నిమిషం వీడియో తీయండి, అతనికి చెప్పే తీయండి. ఆ వీడియో డాక్టరుకు చూపించి, 'ఇందులో మందుల వల్ల వచ్చినది ఎంత, జబ్బు వల్ల వచ్చినది ఎంత?' అని సూటిగా అడగండి. ఏం చెప్పారో, ఇప్పుడు ఏ మందులు ఎంత డోసులో వాడుతున్నాడో ఇక్కడ రాస్తే, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.